అదే మాత్ర, రెండుసార్లు: డిశ్చార్జి తర్వాత ఒక మేస్త్రి ఇల్లు

ఈ కేసులో మనిషి సెంట్రింగ్ మేస్త్రి. వయసు, ఊరు, పిల్లల వివరాలు మార్చాను. పని మాత్రం మార్చలేదు. అది మారిస్తే కేసే అర్థం కాదు, పైగా ఈ పనిలో జిల్లాకు వేలమంది ఉన్నారు. రాసింది ఆయనకూ, ఆయన భార్యకూ చదివి వినిపించాను. ఆవిడ రెండు చోట్ల తీసేయమన్నారు, తీసేశాను. నేను కోస్తాలో ఒక ఆస్పత్రి డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌ని. మందులు రాసేది మా సైకియాట్రిస్టు, డిశ్చార్జి అయ్యాక ఇంటి సంగతి చూసేది నేను.

నేపథ్యం

మేస్త్రికి నలభై దాటాయి. పంతొమ్మిదో ఏట స్లాబు పని రోజున మొదటి గ్లాసు తాగారు. స్లాబు పడిన సాయంత్రం ఇంటి ఓనరు పనివాళ్లకు బిర్యానీ పెట్టించి, చేతిలో మందు డబ్బులు పెట్టడం మా వైపు ఆనవాయితీ. ఇవ్వకపోతే ఓనరు పిసినారి, తీసుకోకపోతే మేస్త్రికి పొగరు. మొదట స్లాబు రోజే తాగేవారు. తర్వాత శనివారం బట్వాడా రోజు కూడా. ఆ తర్వాత రోజూ. మా దగ్గరికి వచ్చేనాటికి రోజుకు మూడు క్వార్టర్లు, అంటే 540 మిల్లీలీటర్లు. అందులో మొదటిది పొద్దున లేవగానే, చేతుల వణుకు ఆగడానికి. తాగుడు తీవ్రతను కొలిచే ఆడిట్ ప్రశ్నావళిలో 40కి 31 వచ్చింది. 20 వస్తేనే డిపెండెన్స్, అంటే మందుకు బానిసవడం, ఉందేమోనని చూడాలి.

మానాలని అంతకుముందు ప్రయత్నించలేదని కాదు. ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మూడో రోజు మళ్లీ మొదలు. రెండేళ్ల తర్వాత మళ్లీ మాల వేసుకుంటే, రెండో రోజు సాయంత్రం పూజ దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఇంట్లో అపచారం జరిగిందనుకున్నారు. రోజూ అంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించే డెలీరియం కూడా రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. మాల వేసుకుంటానని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత గురుస్వామి దగ్గరికి.

రెండో ప్రయత్నం బావమరిదిది. రాత్రి నిద్రలో ఉన్న మనిషిని నలుగురు కలిసి వ్యానెక్కించి ఒక ప్రైవేటు సెంటర్లో పడేశారు. మూడు నెలలు. కొట్టారని ఆయన అంటారు, నేను చూడలేదు. ఇలా మనిషిని ఎత్తుకెళ్లి బంధించడం 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం కుదరదు. ఆ చట్టం తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. కానీ ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. బయటికొచ్చిన నాలుగో రోజు ఆయన తాగారు. ఆ రోజు నుంచి బావమరిదితో మాటల్లేవు.

మూడోది అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ఎవరో చెబితే బావమరిది డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి అక్కకిచ్చాడు. ఆవిడ పొడి చేసి రోజూ పప్పులో కలిపేవారు. తాగిన మద్యం లివర్లో ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఈ మాత్ర ఆపేస్తుంది. మాత్ర ఒంట్లో ఉండగా తాగితే పది, ఇరవై నిమిషాల్లో ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్లు చనిపోయే ప్రమాదం కూడా ఉంది. మేస్త్రి స్లాబు దగ్గరే కుప్పకూలారు. క్యాజువాలిటీలో డాక్టరు అడిగేసరికి ఆవిడ భయపడి నిజం చెప్పేశారు.

మన భాషలో 'మందు' అంటే వైద్యం, 'మందు' అంటే సారా, 'మందు పెట్టారు' అంటే అన్నంలో విషమో చేతబడో కలిపారని. ఆయన మూడో అర్థమే తీసుకున్నారు. అప్పటి నుంచి నాలుగు నెలలు ఇంట్లో మెతుకు ముట్టలేదు. పొద్దున హోటల్లో ఇడ్లీ, మధ్యాహ్నం మెస్సులో భోజనం, రాత్రి ఏమీ లేదు, మందే.

వచ్చినప్పటి పరిస్థితి

ఆయన తనంతట తానే వచ్చారు. కారణం లివరూ కాదు, ఇల్లూ కాదు. స్లాబు లెవెల్ చూడటానికి నీళ్ల ట్యూబు పట్టుకుంటే చెయ్యి వణికి, ట్యూబులో నీళ్లు నిలవలేదట. కుర్ర కూలి ఒకడు వచ్చి, "నేను పట్టుకుంటాలే మేస్త్రీ" అని చేతిలోంచి తీసుకున్నాడట. "అంతే మేడం, ఆ రోజు పని దిగిపోయి వచ్చేశాను."

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. వార్డులో చేరే అవకాశం 180 మందిలో ఒక్కరికి. కాబట్టి సొంత కాళ్లమీద వచ్చిన మనిషిని "భార్యను తీసుకురండి, అప్పుడు చూద్దాం" అని వెనక్కి పంపకూడదని మా వార్డు నియమం. ఆ రోజే చేర్చుకున్నాం. విత్‌డ్రాయల్, అంటే తాగుడు ఆపాక ఒళ్లు తిరగబడే దశ, మామూలుగానే గడిచింది. థయామిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్లు, వణుకూ ఫిట్సూ రాకుండా ఇచ్చే క్లోర్‌డయాజిపాక్సైడ్ తగ్గించుకుంటూ రావడం, పన్నెండు రోజులు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు. ఒంట్లోంచి మందు దించడం ఈ చికిత్సలో తేలిక భాగం.

భార్య ఆరో రోజున వచ్చారు. ఆవిడది నెల్లూరు వైపు. వాళ్లమ్మ 1992లో సారా వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన మనిషి. దూబగుంటలో రాజుకుని జిల్లా అంతా పాకిన ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. "మా అమ్మ ఊళ్లో సారా కొట్టు మూయించింది మేడం. నేను ఇంట్లో ఒక్క మనిషిని మానిపించలేకపోయాను," అన్నారు. ఆ మాట నేను రాసుకున్నాను గానీ అందులో ఉన్నదేమిటో అప్పుడు వినలేదు. మానిపించడం తన డ్యూటీ అని, అందులో ఫెయిలయ్యానని ఆవిడ అనుకుంటున్నారు. నేను ఆ డ్యూటీని ఇంకాస్త గట్టిగా ఆవిడ నెత్తిన పెట్టాను.

నా మొదటి ప్లాను

డిశ్చార్జి రోజున నేనిచ్చిన సలహాలు పుస్తకం ప్రకారం తప్పేమీ కాదు. తిరిగి తాగడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఈయనకు ప్రమాదం శనివారం చేతిలో పడే నగదుతోనూ, స్లాబు రోజుతోనూ. కాబట్టి డబ్బు కొన్నాళ్లు భార్య దగ్గర ఉండాలి, స్లాబు రోజుల్లో ఫోన్ చేస్తూ ఉండాలి, అనుమానం వస్తే వెంటనే నాకు చెప్పాలి. ఎన్నో ఇళ్లలో చెప్పిన మాటలే ఇక్కడా చెప్పాను.

ఆవిడ అక్షరం పొల్లుపోకుండా పాటించారు. టీకి రోజూ యాభై రూపాయలు. రెండు గంటలకోసారి ఫోను. సాయంత్రం గుమ్మంలో ఆపి నోరు వాసన చూసి లోపలికి రానిచ్చేవారు. అత్తగారు వీధి చివరి కొట్టువాడికి "మావాడొస్తే ఇవ్వకు" అని చెప్పి వచ్చారు. బావమరిది సైటులో కూలీలను వాకబు చేసేవాడు.

ఇరవై మూడో రోజున ఆయన తాగారు. అది శనివారం కాదు, స్లాబూ లేదు. మామూలు బుధవారం మధ్యాహ్నం. ఆ రోజు ఆయన ఫోన్ ఎత్తకపోతే ఆవిడ సైటు ఓనరుకు ఫోన్ చేసి, "మా ఆయన తాగి ఉన్నాడా, కాస్త చూసి చెప్పండి సార్" అని అడిగారు. ఓనరు నవ్వుతూ ఆ మాట కూలీల ముందే అన్నాడు. సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి, "రోజూ చూస్తున్నావుగా, ఇవాళ చూడు" అని నోరు తెరిచారు. ఆ తాగుడు పదకొండు రోజులు సాగింది.

వార్డు మీటింగులో ఆ కేసును 'కుటుంబ సహకారం లేదు' అని రాయబోయారు. నాకు అది సరిపడలేదు. సహకారం లేకపోవడమేమిటి? నేను చెప్పినవన్నీ చేశారు. ఇరవై రెండు రోజులు ఆయన తాగలేదు, కానీ ఆ ఇరవై రెండు రోజుల్లో ఒక్క సాయంత్రం కూడా తాగని మనిషిలా ఇంట్లో అడుగు పెట్టలేదు. తాగకపోవడం వల్ల ఆయనకు ఇంట్లో దక్కింది ఏమీ లేదు. తప్పు ప్లానుదే, ఆ ప్లాను నాది.

ఆవిడతో విడిగా

రెండోసారి ఆయన్ని పిలవకముందు ఆవిడను పిలిచాను. ఆ గంటలో మీ ఆయన గురించి మాట్లాడకూడదు, మీ గురించే చెప్పాలి అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నిద్ర గురించి చెప్పారు. రాత్రి బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకుంటారు. బండి స్టాండు వేసే తీరును బట్టి తాగారో లేదో చెప్పగలరు. ఒక్క తన్నుతో పడితే తాగలేదు. రెండు మూడుసార్లు గీరుకుంటే తాగారు. బాగా తాగితే స్టాండే వేయరు, గోడకు ఆనించేస్తారు. ఆయన వార్డులో ఉన్న పన్నెండు రోజులూ కూడా వీధిలో ఎవరి స్టాండు చప్పుడైనా మెలకువ వచ్చేదట.

బీపీ చూపిస్తే 160కి 100. డాక్టరు ఆవిడకూ ఫైలు తెరిచారు. వార్డుకు వచ్చే మరో ఇద్దరు భార్యలతో కలిపి గురువారం మధ్యాహ్నాలు కూర్చోబెట్టాను. పేరేమీ పెట్టలేదు, టీ తాగడమే. మా ఊళ్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగు తెలుగులో జరుగుతుంది గానీ, కుటుంబాల కోసం ఉండే అల్-అనాన్ లేదు. ఉంటే అక్కడికే పంపేదాన్ని. ఆ గురువారాల్లో ఆవిడకు పనికొచ్చిన మాట నాది కాదు, మరో భార్యది: "వాసన చూసినంత మాత్రాన తాగింది దిగిపోద్దా అక్కా?"

మాత్ర దగ్గరికి తిరిగి

రెండోసారి ఒంట్లోంచి మందు దించాక, మళ్లీ తాగకుండా ఏ మాత్ర ఇవ్వాలన్న చర్చ వచ్చింది. లివర్ ఎంజైములు ఇంకా బాగా ఎక్కువగా ఉన్నాయి కాబట్టి తాగాలన్న తపన తగ్గించే నాల్ట్రెక్సోన్‌ను డాక్టరు వద్దనుకున్నారు. అదే పనికి వాడే అకాంప్రోసేట్ ఇచ్చారు. అది లివర్ మీద భారం వేయదు. కానీ పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు మాత్రలు. మధ్యాహ్నం డోసు సైటులో సంచిలోనే ఉండిపోయేది. మూడు వారాల్లో సగం మిగిలిపోయాయి. డైసల్ఫిరామ్ పేరు ఎత్తడానికే నేను జంకాను. ఆ మాత్రే కదా ఇల్లు ముక్కలు చేసింది.

ఆయనే అడిగారు. మెడికల్ షాపులో ఆ స్ట్రిప్ చూశారట. "అప్పుడు నాకు తెలియకుండా పెట్టారు. తెలిసి వేసుకుంటే పొద్దున ఒక్కసారి నిర్ణయం తీసుకుంటే చాలు కదా, రోజంతా కొట్టుకోనక్కర్లేదు." పదేళ్లుగా ఈ మాత్ర గురించి పేషెంట్లకు చెబుతున్నాను. ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

డాక్టరు ఆరు వారాలు ఆగి, లివర్ టెస్టు దారికొచ్చాక, ఈసీజీ తీయించి, 250 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి లివర్ టెస్టు. ఆపేసినా రెండు వారాల దాకా ప్రభావం ఉంటుందని, ఆల్కహాలు కలిసిన దగ్గు మందులు కూడా వద్దని ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పాం. ఒక కార్డు రాసి ఆయన పర్సులో పెట్టించాం.

అసలు పని మాత్ర ఎలా వేసుకోవాలన్న ఒప్పందంలో ఉంది. భార్యాభర్తలతో చేసే బిహేవియరల్ కపుల్స్ థెరపీలో ఇలాంటి రోజువారీ ఒప్పందం ఉంటుంది. అమెరికాలో తిమోతీ ఓఫారెల్ అనే సైకాలజిస్టు దాని మీద దశాబ్దాలు పనిచేశారు. ఆ ఒప్పందంలో భర్త భార్య ముందు మాత్ర వేసుకుని ఈ రోజు తాగనని చెబుతాడు. భార్య థాంక్స్ చెబుతుంది. ఆ తర్వాత రోజంతా తాగుడు గురించి ఇద్దరూ ఎత్తరు. పాత గొడవలూ రేపటి భయాలూ కౌన్సెలర్ దగ్గరే మాట్లాడాలి.

థాంక్స్ దగ్గర ఆవిడ నవ్వేశారు. "మా ఇళ్లల్లో మొగుడికి థాంక్స్ ఎవరు చెబుతారు మేడం?" నిజమే. ఆవిడ నోట ఆ మాట నాటకంలా ఉంటుంది. మరి ఏం చేస్తారు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "క్యారేజీ కడతాను" అన్నారు. ఆయన తలొంచుకుని, "కట్టు" అన్నారు. నాలుగు నెలలు ఇంటి అన్నం ముట్టక, ఆ తర్వాత కూడా కెలికి వదిలేస్తున్న మనిషి.

స్ట్రిప్ ఎవరి దగ్గర ఉండాలన్నది మరో అరగంట పట్టింది. ఆవిడ తన బీరువాలో పెడతానన్నారు. నేను ఒప్పుకోలేదు. తాళంలో ఉన్న మాత్ర మళ్లీ ఆవిడ మాత్ర అయిపోతుంది. చివరికి వంటింటి అలమరలో, ఉప్పు డబ్బా పక్కన, ఇద్దరికీ కనిపించేలా పెట్టాలనుకున్నాం. తుంచేది, వేసుకునేది ఆయనే. ఆవిడ నీళ్లివ్వక్కర్లేదు, చూస్తే చాలు. వాసన చూడటం, ఓనర్లకు ఫోన్లు పూర్తిగా బంద్. ఏ రోజైనా వేసుకోకపోతే గొడవ పడకుండా నాకు ఒక మెసేజ్ పెట్టాలి.

డబ్బు విషయంలో నా పాత సలహా వెనక్కి తీసుకున్నాను. కూలీల బట్వాడా వీలైనంత ఫోన్‌పేలోకి మార్చారు. జేబు ఖర్చు ఎంతో ఆయనే చెప్పాలి. మొదటి వారం రెండొందలు అన్నారు, మూడో నెలకు ఆ లెక్క అడగడం మానేశాం.

స్లాబు రోజు ఇంకా కష్టం. మందు డబ్బులు వద్దని ఓనరుకు చెబితే కూలీలు వేరే మేస్త్రి దగ్గరికి పోతారు. కాబట్టి ఆనవాయితీని ఆపలేం, ఆయన్నే అక్కడ్నుంచి తప్పించాలి. కాంక్రీటు కలిపే మిల్లరు కడిగే వేళకు ఆయన బయల్దేరతారు, డబ్బులు పంచేది ఆయన కింద పనిచేసే పెద్ద కూలి. ఇంటికి తీసుకురావడానికి కొడుకును పంపుతామన్నారు, నేను వద్దన్నాను. ఇంటర్ చదివే పిల్లాడు నాన్నకు కాపలా కాయకూడదు, అప్పటికే చాలా కాశాడు. ఏఏ మీటింగులో పరిచయమైన ఒక ప్లంబరు ఆ పని తీసుకున్నారు. స్లాబు రోజు సాయంత్రం నాలుగుకు ఆయన ఫోన్ వస్తుంది. ఎందుకు తాగవని అడిగినవాళ్లకు చెప్పడానికి మేస్త్రి ఒక అబద్ధం తయారుచేసుకున్నారు: షుగరొచ్చింది, డాక్టరు వద్దన్నాడు. నాకు మొదట నచ్చలేదు. కానీ మన దగ్గర తాగుడు మానేశానంటే ఒక్కటేసుకో అని పదిమంది చుట్టూ చేరతారు, షుగరంటే గౌరవంగా వదిలేస్తారు. ఇలాంటి చోట నా నిజాయితీ కోసం ఆయన సాయంత్రం పణంగా పెట్టడం అర్థం లేనిది.

మళ్లీ ఒక సాయంత్రం

అయిదో నెలలో బావమరిది ఇంట్లో గృహప్రవేశం. దానికి పది రోజుల ముందు ఆయన మాత్ర నోట్లో వేసుకుని, పెరట్లోకి వెళ్లి ఉమ్మేయడం మొదలుపెట్టారు. ఒప్పందంలో ఆ కన్నం ఉందని నాకూ తెలుసు. ఎవరినీ నోరు తెరిచి చూపించమని అడగను కాబట్టి అది ఉండే తీరుతుంది. ఫంక్షన్లో ఒక బీరు తాగారు. ముఖం ఎర్రబడి దడ మొదలయ్యేసరికి లేచి, తిన్నగా భార్య దగ్గరికెళ్లి చెప్పారు. నాకు ఆ తర్వాత ఫోన్ చేశారు. ఆస్పత్రికి రమ్మన్నాం, బీపీ చూసి రాత్రికి ఉంచుకుని పంపేశాం.

ఆ ఫోనులో ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న: "రేపు క్యారేజీ కట్టనా, వద్దా?" ఒప్పందం ప్రకారం మాత్రకు క్యారేజీ. మాత్ర ఉమ్మేశారు కాబట్టి వద్దనాలి. నేను కట్టమన్నాను. తాగింది దాచకుండా చెప్పిన రోజున అన్నం ఆపితే, ఇంకోసారి చెప్పరు. ఆ నిర్ణయం సరైనదేనా అని మా డాక్టరుతో ఇప్పటికీ వాదన ఉంది. తప్పు చేసినా అన్నం దొరుకుతుందని నేర్పావని ఆయన అంటారు. కిందటిసారి పదకొండు రోజులు సాగిన తాగుడు ఈసారి ఒక్క బీరుతో ఆగిందని నేనంటాను.

ఈ కేసు తర్వాత మా వార్డులో కొన్ని మారాయి. డిశ్చార్జి కాగితంలో కుటుంబం చేయాల్సిన వాటికన్నా పైన, కుటుంబం చేయడం మానాల్సినవి రాస్తున్నాం. అడ్మిషన్ మొదటి వారంలోనే భార్యకో తల్లికో విడిగా ఒక గంట ఇస్తున్నాం, బీపీ, నిద్ర అడుగుతున్నాం. తెలియకుండా మాత్రలు కలిపారా అని ప్రతి ఇంటినీ తప్పు పట్టని గొంతుతో అడుగుతున్నాను. కలిపినవాళ్లు నేను అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. మా ఫోన్ ఎత్తని వేళల్లో జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు, నిద్ర పట్టక దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయమని ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేయిస్తున్నాం.

దారికి రానివి ఉన్నాయి. బావమరిది ఒక్కసారే వచ్చాడు. "నేను చేసింది మంచికే కదా మేడం" అన్నాడు. మేస్త్రి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు పండగలకు ఒకరింటికొకరు వెళతారు, మాట్లాడుకోరు. కొడుకు తండ్రితో బైకు తాళం గురించీ, ఫీజుల గురించీ తప్ప మాట్లాడడు. దానికి నా దగ్గర ఉపాయమేమీ లేదు.

పద్నాలుగు నెలలైంది. మాత్ర తొమ్మిదో నెలలో డాక్టరుతో మాట్లాడుకునే ఆపేశారు. స్ట్రిప్ లేకపోయినా క్యారేజీ వెళుతోంది, మూడు గిన్నెలది. కిందటి నెల ఆవిడ బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు నిద్ర ఎలా ఉందని అడిగాను. స్టాండు చప్పుడుకు ఇప్పటికీ మెలకువ వస్తుందట. ఒక్క తన్నుతోనే పడుతుందట. అయినా లేచి కూర్చుంటానని చెప్పారు.